రెండంతస్తుల విమానంలో నేల టిక్కెట్టు

పూర్వం మన సినిమా హాళ్ళలో నేల, బెంచీ, కుర్చీ, బాల్కనీ అని తరగతులుండేవి, గుర్తుందా? నేలవాళ్ళకి ఒక గేటు, బాల్కనీవాళ్ళకి ఇంకో గేటు. ఆట ఒకటే, తెర ఒకటే, హీరో ఒకడే. కానీ మెట్లు వేరు, గాలి వేరు, మర్యాద వేరు! మల్టీప్లెక్సులొచ్చి నేల టిక్కెట్టుని మింగేశాయని వాపోయే పాతకాలపు అభిమానులకి ఓ శుభవార్త. అది ఎక్కడికీ పోలేదు. నేల మీంచి లేచి ముప్పయ్యయిదు వేల అడుగుల ఎత్తుకి వెళ్ళింది, అంతే. అక్కడ దాని పేరు ఎకానమీ క్లాసు.

నమ్మకం కుదరకపోతే ఏ రాత్రయినా మాదాపూర్ వెళ్ళి సైబర్ టవర్స్ ఎదురుగా కాసేపు నిలబడండి. 1998 నవంబరు 22న అప్పటి ప్రధాని వాజ్‌పేయి ప్రారంభించిన ఆ గుండ్రటి మేడే మన హైటెక్ సిటీకి ఫస్ట్ షాట్. ఇప్పుడు రాయదుర్గం, గచ్చిబౌలి, నానక్‌రామ్‌గూడా దాకా అద్దాల మేడలు మొలిచాయి కనుక ఆ పెద్దాయన కాస్త చిన్నబోయినట్టు కనిపిస్తాడు. రాత్రి తొమ్మిది దాటాక ఆ రోడ్డు మీద పోయే అద్దె కార్లు కొన్నిటిని చూడగానే తెలుస్తుంది, ఎక్కడికి పోతున్నాయో! డిక్కీలో పట్టక నెత్తికెక్కించిన సూట్‌కేసులు, లోపల ప్రయాణికుడొకడు, సాగనంపేవాళ్ళు నలుగురు. "పాస్‌పోర్టు పెట్టుకున్నావా?" అని ఆ నలుగురూ వంతులవారీగా అడుగుతూ వుంటారు. ఔటర్ రింగురోడ్డు ఎక్కితే అరగంటలో శంషాబాద్.

వీసా కోసం చిలుకూరు బాలాజీకి పదకొండు ప్రదక్షిణలు చేసి, వచ్చాక మొక్కు తీర్చుకోవడానికి నూట ఎనిమిది చేసిన కుటుంబాలు ఈ చుట్టుపక్కల ఎన్నో. అమెరికా కాన్సులేటు కూడా బేగంపేటలోని పైగా ప్యాలెస్ వదిలి 2023 మార్చిలో నానక్‌రామ్‌గూడాకే వచ్చేసింది. అంటే ఉద్యోగం, వీసా, విమానం... మూడూ దాదాపు ఒకే రోడ్డు మీద! ఇక మిగిలింది ఒక్క రాత్రి ప్రయాణం. ఆ రాత్రి గురించి మాత్రం ఎవరూ మాట్లాడరు. సినిమావాళ్ళు అసలే మాట్లాడరు.

సినిమాలో రెండు సెకన్లు

మన సినిమాల్లో విమాన ప్రయాణం ఎలా వుంటుందో మీకు నేను చెప్పాలా? హీరో మెడలో దండ, తల్లి కళ్ళలో నీళ్ళు, చెయ్యి ఊపడం, విమానం గాల్లోకి లేచే ముక్క ఒకటి, వెంటనే విదేశం! జంధ్యాలగారు "పడమటి సంధ్యారాగం" (1987) అమెరికా వెళ్ళి తీశారు. అందులో విజయశాంతి సరసన నటించిన థామస్ జేన్ తరవాత హాలీవుడ్‌లో పేరున్న నటుడయ్యాడు సుమండీ! శేఖర్ కమ్ముల తొలి చిత్రం "డాలర్ డ్రీమ్స్" (2000) సంగతేమో అమెరికా మోజులో కొట్టుకుపోయే హైదరాబాద్ కుర్రకారు. దానికి జాతీయ అవార్డు కూడా వచ్చింది. ఇంత అమెరికాని చూపించిన మన తెర మీద, ఎకానమీ క్లాసులో పద్నాలుగు గంటలు ఎలా గడుస్తాయో చూపించిన రీలు నాకు ఇంతవరకూ తగల్లేదు.

విమానం లోపలి సీను కావాలంటే రామోజీ ఫిల్మ్ సిటీలో సెట్టు సిద్ధంగా వుంది. అక్కడ కెమెరా పట్టాలి కనుక మనిషి మోకాళ్ళకీ చోటుంటుంది. అసలు విమానంలో ఆ సౌకర్యం లేదు. ముందు సీటుకీ మన సీటుకీ మధ్య కొలత మహా అయితే ముప్పయిరెండు, ముప్పయిమూడు అంగుళాలు. ఆ కొలతలో కుర్చీ మందం కూడా కలిసే వుంది. ముందాయన వెనక్కి వాలాడంటే మన చేతిలో కాఫీ మన చొక్కాకి చేరుతుంది.

ఇంతకీ ఏ విమానం?

ఎయిర్‌బస్ ఎ-380. రెండంతస్తులూ ఈ కొస నుంచి ఆ కొస దాకా వుండే మహా విమానం. మనవాళ్ళు 'జంబో' అని మురిసిపోయిన బోయింగ్ 747కి ముందు భాగంలో మాత్రమే మూపురంలా పై అంతస్తు వుండేది. ఎయిర్ ఇండియావారి మొదటి జంబో 1971లో వచ్చినప్పుడు అదే పెద్ద వింత. ఈ ఎ-380 దాన్ని మించింది. పొడవు 73 మీటర్లు, రెక్కల కొస నుంచి కొసకి 80 మీటర్లు, ఎత్తు 24 మీటర్లు. చక్రాలు 22. ఇంజన్లు నాలుగు. 2005 ఏప్రిల్ 27న ఫ్రాన్సులోని తులూజ్‌లో మొదటిసారి గాల్లోకి లేచింది. 2007 అక్టోబరు 25న సింగపూర్ నుంచి సిడ్నీకి మొదటి ప్రయాణికుల్ని చేరవేసింది.

ఇంకో ముచ్చట. ప్రమాదం జరిగితే ఇంతమందీ బయటపడగలరా అని 2006 మార్చిలో జర్మనీలోని హాంబర్గ్‌లో పరీక్ష పెట్టారు. చీకటి చేసి, సగం తలుపులు మూసేసి, సిబ్బందితో కలిపి 873 మందిని దిగమన్నారు. 78 సెకన్లలో ఖాళీ అయిపోయింది! మన క్రాస్‌రోడ్స్ హాళ్ళలో ఫస్ట్ షో వదిలాక బయటపడటానికి ఎంతసేపు పడుతుందో ఓసారి గుర్తు చేసుకోండి.

ఈ విమానం హైదరాబాద్‌కి రాదా అని మీరడుగుతారు. రావచ్చు! 2014 జనవరిలో ఢిల్లీ, ముంబయి, బెంగుళూరు, హైదరాబాద్... ఈ నాలుగు చోట్లా దిగవచ్చని కేంద్ర ప్రభుత్వం అనుమతించింది. ఢిల్లీకీ ముంబయికీ ఆ ఏడాదే వచ్చింది. బెంగుళూరుకి 2022లో వచ్చింది. శంషాబాద్‌లో 4,260 మీటర్ల రన్‌వే వుండీ కూడా మనకి రోజువారీ సర్వీసు రాలేదు. దుబాయికీ మన దేశానికీ మధ్య వారానికి ఇన్నే సీట్లు అని ఒప్పందం వుంది. ఒకచోట పెద్ద విమానం పెడితే ఇంకోచోట కోత పడుతుంది. అంచేత మనవాళ్ళు ఇక్కడ చిన్న విమానం ఎక్కి, అర్ధరాత్రి దుబాయిలో దిగి, అక్కడ పెద్దది ఎక్కుతారు. పల్లెటూరి నుంచి ఎర్ర బస్సులో పట్నం వచ్చి ఎక్స్‌ప్రెస్ రైలు పట్టుకున్నట్టన్నమాట!

2023 జూలైలో ఫిలడెల్ఫియాలో తానా మహాసభలు జరిగాయి. అవి చూసి రాద్దామని నేనూ అలాగే బయల్దేరాను. తానా సభలంటే తెలుసుగా? కాస్త సాహిత్యం, బోలెడు సినిమా తారలు, మధ్యలో భోజనాలు. తారలు వేరే దారిన పైకి వెళతారు. విడి వ్యాసాలు రాసుకు బతికే నాలాంటివాడికి నేలే గతి.

"వేరే దారి" అన్నది ఊరికే అన్న మాట కాదండోయ్. దుబాయిలో ఈ విమానాల కోసమే ప్రత్యేకంగా కట్టిన భవనం ఒకటి 2013లో తెరిచారు. అక్కడ పై తరగతివాళ్ళు విశ్రాంతి మందిరం నుంచే తిన్నగా విమానం పై అంతస్తులోకి నడిచి వెళ్ళిపోవచ్చు. కిందివాళ్ళ కంట పడనక్కర్లేదు. ఎమిరేట్స్‌వారి మూడు తరగతుల అమరికలో పైన తొంభై మంది, కింద దాదాపు నాలుగు వందల మంది. పైన పద్నాలుగు మంది మారాజులకి రెండు స్నానాల గదులు, వెనక వైపు ఒక బారు. కింద వరసకి పది సీట్లు: మూడు, నాలుగు, మూడు.

ముగ్గురం

ఆ మూడింట్లో నాది నడవ పక్క సీటు. మధ్య సీటులో అరవై దాటిన ఒకావిడ. కిటికీ పక్కన ముప్పయ్యేళ్ళ లోపు కుర్రాడు. ముగ్గురం హైదరాబాద్ నుంచే వచ్చామనీ, ముగ్గురం తెలుగే అనీ తెలియడానికి అయిదు నిమిషాలు పట్టింది. ఆవిడ పులిహోర డబ్బా మూత తీశారు మరి!

ఆవిడది తెనాలి. కొడుకు దగ్గర కూకట్‌పల్లిలో వుంటారు. న్యూజెర్సీలో కూతురికి పురుడు పొయ్యడానికి వెళుతున్నారు. రెండు వారాల్లో నెలలు నిండుతాయి. భర్తగారు రావడానికి లేదు. ఆయన తల్లికి తొంభై ఏళ్ళు, మంచం మీద వున్నారు. అందుకని ఈవిడ ఒక్కరే, జీవితంలో మొదటిసారి విమానం. దుబాయిలో ఆవిణ్ణి చక్రాల కుర్చీలో తీసుకొచ్చారు.

"కాళ్ళ నొప్పులాండీ?" అన్నాను.

"కాళ్ళు బానే వున్నాయి బాబూ. ఇంగ్లీషే లేదు" అన్నారావిడ.

అప్పుడు గమనించాను. దుబాయి గేటు దగ్గర బారులు తీరిన చక్రాల కుర్చీల్లో మన అమ్మలు, అమ్మమ్మలు చాలామంది వున్నారు. ఆ మహా భవనంలో ఏ గేటు ఎటో చదువుకోలేక, అడగలేక, కూతుళ్ళూ కొడుకులూ ముందుగానే కుర్చీ రాయించి పంపిస్తారు. దారి చూపించే మనిషి ఒకరుంటారు కదా అని.

ఆవిడ చేతిసంచీలో ఒక కాగితం వుంది. కూతురు ఫోన్లో చెబితే కొడుకు తెలుగు అక్షరాల్లో రాసిచ్చాడు. అమెరికాలో దిగాక అధికారి అడిగే ప్రశ్నలు, వాటికి జవాబులు. "విజిటింగ్ మై డాటర్." "సిక్స్ మంత్స్." "నో, ఐ విల్ నాట్ వర్క్." ఆవిడ కళ్ళు మూసుకుని మంత్రంలా వల్లిస్తున్నారు. తప్పు చెబితే తిరుగు విమానం ఎక్కించేస్తారని ఎవరో భయపెట్టారట. కూతురికి అక్కడ అత్తవారివైపు ఆడదిక్కు కూడా లేదు.

రాత్రి రెండున్నర ప్రాంతంలో విమానం కదిలింది. ఇంత బరువూ లేచిందంటే లేచినట్టే తెలియలేదు. ఈ విమానం గొప్పదనం అదే, చప్పుడు తక్కువ. కాని దాంతో ఒక చిక్కుంది. ఇంజన్ల హోరు తగ్గితే మనుషుల హోరు వినపడుతుంది! నాలుగు వరసల వెనక చంటిపిల్ల ఏడుపు, పక్క వరసలో ఒకాయన గురక... అన్నీ డాల్బీలో వచ్చాయి. ఈ విమానం కొత్తలో ఒక కంపెనీ పైలట్లే, విశ్రాంతి గదిలో పడుకుంటే ప్రయాణికుల చప్పుళ్ళకి నిద్ర పట్టడం లేదని ఫిర్యాదు చేశారట.

భోజనం వచ్చింది. చప్పగా వుందని ఆవిడా, ఉప్పు తక్కువని నేనూ. వంటవాణ్ణి తిట్టి లాభం లేదు. అంత ఎత్తున గాలి పొడిగా వుంటుంది, లోపలి ఒత్తిడీ తక్కువ. ముక్కు ఎండిపోయి నాలుకకి ఉప్పూ తీపీ సరిగా అందవు. నిమ్మకాయ పులిహోర మాత్రం అందింది. ముగ్గురం పంచుకున్నాం.

తరవాతే అసలు సమస్య. ఆవిడకి షుగరు. రాత్రి మాత్ర, పొద్దుటి మాత్ర అని రెండు డబ్బాలు. "ఇప్పుడు రాత్రా బాబూ, పొద్దున్నా?" అని అడిగారు. తమాషా ప్రశ్న కాదది. దుబాయిలో రాత్రి రెండున్నరకి బయల్దేరిన విమానం న్యూయార్క్‌లో ఉదయం ఎనిమిదిన్నరకి దిగుతుంది. గడియారం లెక్కన ఆరు గంటలు. ఒంటికి పద్నాలుగు గంటలు! రాత్రి మాత్రకీ పొద్దుటి మాత్రకీ మధ్య ఎనిమిది గంటలు ఎవరో అదనంగా అతికించారు. అదృష్టం కొద్దీ కూకట్‌పల్లి డాక్టరుగారు ముందే ఆలోచించి చీటీ మీద రాసిచ్చారు. గడియారం చూడొద్దు, భోజనం పెట్టినప్పుడు చీటీలో వరసన వేసుకోమని. ఆ చీటీ కాగితాల అడుగున దొరికేసరికి నాకూ ప్రాణం లేచి వచ్చింది.

ఇంకో సంగతి కూడా బయటపడింది. దుబాయి నుంచి ఆవిడ గుక్కెడు నీళ్ళు తాగలేదు. తాగితే లేవాలి, లేస్తే నన్ను లేపాలి. "మిమ్మల్ని ఇబ్బంది పెట్టడం ఎందుకని..." అన్నారు. ఇది ఆవిడ ఒక్కరి సంగతి కాదు. మధ్య సీట్లలో మన పెద్దవాళ్ళు చేసే పని ఇదే. గంటల తరబడి కదలకుండా కూర్చుంటే పిక్కల్లో రక్తం గడ్డ కట్టే ప్రమాదముందని, నీళ్ళు తాగుతూ గంటకో రెండు గంటలకో నాలుగడుగులు వెయ్యమని డాక్టర్లు నెత్తీనోరూ బాదుకుంటారు. మొహమాటం ముందు డాక్టరెంత? అందుకని గంటన్నరకోసారి నేనే లేచి నిలబడటం మొదలుపెట్టాను. నేను లేస్తే ఆవిడా లేచేవారు.

అలా నడుస్తూ వెనక కొసకి వెళితే అక్కడ పైకి వెళ్ళే మెట్లు. అడ్డంగా తాడు.

"పైన ఏముంది బాబూ?"

"బాల్కనీ అండీ. కొందరికి స్నానాల గది కూడానట."

"స్నానమా? ఆకాశంలోనా?" అని ఆవిడ కాసేపు ఆలోచించారు. "అంత మడిగా ఎవరు వెళుతున్నారు?"

బయట పొద్దు, లోపల మ్యాట్నీ

మూడు నాలుగు గంటలయ్యాక కుర్రాడు కిటికీ రెప్ప వేలెడంత ఎత్తాడు. భగ్గున ఎండ! వెంటనే ఎయిర్‌హోస్టెస్ వచ్చి మర్యాదగా దించమంది. తూర్పు నుంచి పడమటికి అంత వేగంతో పోతుంటే సూర్యుడు మన వెనకే తరుముకొస్తాడు, పైకి మాత్రం రాడు. గంటలకి గంటలు పొద్దున్నే అయి వుంటుంది. కిటికీలన్నీ మూసి, దీపాలు ఆర్పి, లోపల రాత్రిని నిలబెడతారు. బయట ఎండ, లోపల చీకటి, చీకట్లో వందల తెరలు... ఇది మన మ్యాట్నీ ఆట కాక మరేమిటి? కాకపోతే ఒక్కొక్కరికీ ఒక్కో సినిమా. నడవలో నడుస్తూ చూస్తే ఒక తెర మీద ఫైటు, ఒక తెర మీద పాట, ఒక తెర మీద విమానం బొమ్మ సముద్రం మీద చీమలా కదులుతోంది.

ఆవిడ తెర మీద తెలుగు సినిమా పెట్టింది కుర్రాడే. చెవులకి తగిలించే గొట్టాలు సరిచేసి, "ఆంటీ, ఇగ చూడుండ్రి" అన్నాడు. అతనిది వరంగల్ జిల్లా. మూడేళ్ళు హైటెక్ సిటీలో చేసి, కంపెనీ తరఫున న్యూజెర్సీ వెళ్ళాడు. చెల్లెలి పెళ్ళికి వచ్చి తిరిగి పోతున్నాడు. ఆవిడ నిద్రపోయాక మెల్లగా మాట్లాడాడు. ఆ సంవత్సరం అమెరికా కంపెనీల్లో ఉద్యోగాలు ఊడుతున్నాయి. అతని జట్టులో సగం మందికి అప్పటికే ఉత్తరాలొచ్చాయి. హెచ్-1బి వీసా మీద వున్నవాడికి ఉద్యోగం పోతే అరవై రోజుల్లో ఇంకోటి వెతుక్కోవాలి, లేదా దేశం వదలాలి. చెల్లెలి పెళ్ళికి అప్పు చేశాడు. ఇంట్లో ఈ సంగతి చెప్పలేదు.

"ఈడ వైఫై వుంది అన్నా. డబ్బులు కడితే మెయిల్ చూడొచ్చు. నేనైతే కొనలే" అన్నాడు. "దిగేదాంక మంచిగుంటది."

ఆ మాట విన్నాక నాకు ఆ చీకటి హాలు వేరేగా కనిపించింది. ఎంతమంది అలా పద్నాలుగు గంటలు కొనుక్కుని కూర్చున్నారో!

అతని భయం పెద్దదేనని తరవాత తేలింది. 2025 సెప్టెంబరు 19న అమెరికా అధ్యక్షుడు కొత్త హెచ్-1బి దరఖాస్తులకి లక్ష డాలర్లు కట్టాలని ప్రకటన చేశాడు. బయటికెళితే మళ్ళీ రానివ్వరేమోనని, శాన్‌ఫ్రాన్సిస్కోలో దుబాయి విమానం ఎక్కి కూర్చున్న మనవాళ్ళు కొందరు దిగిపోయారని పత్రికల్లో చదివాం. ఇప్పటికే వీసా వున్నవాళ్ళకి అది వర్తించదని వివరణ ఆ తరవాత తీరిగ్గా వచ్చింది. ఆ వార్త చదివినప్పుడు నాకు కిటికీ పక్క ఆ కుర్రాడే గుర్తొచ్చాడు.

దిగడానికి రెండు గంటల ముందు దీపాలు వేశారు. ఇక రిహార్సల్ మొదలు. కుర్రాడు అమెరికా అధికారి వేషం కట్టాడు, గొంతు బొంగురు చేసి "హౌ లాంగ్?" అన్నాడు. "సిక్స్ మంత్స్" అన్నారావిడ. "లౌడ్‌గా చెప్పాలె ఆంటీ!" మళ్ళీ టేకు. మూడో టేకులో వెనక సీట్లోని పంజాబీ పెద్దాయన కూడా చప్పట్లు కొట్టాడు.

విమానం నేలకి తగిలీ తగలగానే నాలుగు వందల ఫోన్లు ఒక్కసారి మోగాయి. కుర్రాడు ఫోను చేతిలో పట్టుకుని, ఆన్ చెయ్యకుండా, ఆవిడ సంచీ పైనుంచి దించిచ్చాడు. నడవలో జనం కదిలాక కూడా అలాగే పట్టుకున్నాడు. నాకు అడగబుద్ధి కాలేదు. "పోయొస్తనన్నా" అన్నాడు, వెళ్ళిపోయాడు.

ఈ విమానాలు కూడా ఎన్నాళ్ళో వుండవు. రెండు ఇంజన్లతో తక్కువ నూనె తాగి దూరం వెళ్ళేవి వచ్చాక, నాలుగు ఇంజన్ల ఏనుగుని కొనేవాళ్ళు లేకపోయారు. 2019లో ఎయిర్‌బస్‌వారు ఇక ఆపేస్తామన్నారు. 2021 డిసెంబరులో ఆఖరుది ఇచ్చేశారు. మొత్తం 251. వున్నవి తిరిగినన్నాళ్ళు తిరుగుతాయి.

పెట్టెల దగ్గర ఆవిడ మళ్ళీ కనిపించారు. చక్రాల కుర్చీవాళ్ళ వరస వేరు కనుక నాకంటే ముందే బయటపడ్డారు. పాదాలు పొంగి చెప్పులు పట్టక, వాటిని ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నారు.

"ఆఫీసరు ఏమడిగాడు పిన్నిగారూ?"

"కాయితంలో వున్నది ఒక్కటీ అడగలేదు బాబూ. తెలుగు మాట్లాడేవాళ్ళని ఎవర్నో పిలిపించి, మా అల్లుడి పేరు చెప్పమన్నాడు" అన్నారు. ఇంకా ఆశ్చర్యం తగ్గలేదు ఆవిడకి. "మొగుడి పేరే నోటితో పలకని కాలం దాన్ని. ఇంతదూరం తీసుకొచ్చి అల్లుడి పేరు చెప్పించాడు!"